మరక కనబడని దుప్పటి

మోచేతుల దాకా చేతులు తొట్టిలో ముంచి, నీలిమందు మూటను నీళ్ళలో పిండుతూ, రంగు ఎంతకు తిరిగిందో కంటితో కాక నాలుకతో చూస్తున్నదానిలా మొహం పెట్టి నిలబడి ఉందామె. మందు ఎక్కువైతే తెల్ల దుప్పటి ఆకాశం ముక్కలా తయారవుతుంది. తక్కువైతే ముసలివాడి పన్నులా పచ్చగా నవ్వుతుంది. ఆ రెంటికీ మధ్య చిటికెడు జాగా ఉంటుంది. ఆ చిటికెడు ఎక్కడుందో ఆసుపత్రి మొత్తం మీద ఆమె ఒక్కదానికే తెలుసు. అందుకే అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయి, పెద్ద డాక్టరు దగ్గర్నించి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె నీలిమందు అయి కూర్చుంది. పాతికేళ్ళ చాకిరీకి వేళ్ళు కూడా గోళ్ళ సందుల్లోంచి నీలంగా మారిపోయాయి. సబ్బుతో రుద్దినా ఆ రంగు పోదు. ఆ చాకిరీ సబ్బుతోనే కదా మరి!

ఆమె ఉతుకు గురించి ఆసుపత్రిలో చాలా కథలున్నాయి. ఆమె ఆరేసిన దుప్పటి మీద వాలబోయిన ఈగ కాలు జారి కింద పడిందని ఒకటి. పెరట్లో వరసగా ఆరేసిన దుప్పట్ల తెలుపు చూసి, పక్క వీధి కోడి తెల్లవారిందనుకుని మిట్టమధ్యాహ్నం కూసిందని ఇంకొకటి. ఈ కథలన్నీ పుట్టించింది ఆ గదిలోనే ఇస్త్రీ చేసే మనిషి. ఆయన నోట్లోంచి వచ్చిన మాటలో ముప్పాతిక వంతు తీసేసి మిగిలింది నమ్మితే ఎవరికీ నష్టం లేదు.

నీలిమందు కూడా తక్కువ తినలేదు. దుప్పటి చూసి, దాని మీద ప్రసవించిన తల్లికి ఆడపిల్ల పుట్టిందో మగపిల్లాడు పుట్టాడో చెప్పేస్తానని పందేలు కాసేది. సగం సార్లు తప్పేది. తప్పిన ప్రతిసారీ పైన దుప్పట్లు తారుమారు చేశారనేది. అయితే ఒక్క విద్య మాత్రం బడాయి కాదు. తడి బట్టను అరచేత్తో ఇలా ఎత్తి, అది ఎంత నీళ్ళు తాగిందో చెప్పేసేది. చెంబు అంటే చెంబే. చెంబున్నర అంటే, పిండి కొలిచి చూసుకున్నా, చెంబున్నరే.

బట్టల గది ఆసుపత్రికి వెనక, మెట్లు దిగితే వస్తుంది. ఒక బాయిలరు, నాలుగు సిమెంటు తొట్లు, రెండు మిషన్లు. మిషన్లలో ఒకటి చెడిపోయి, దాని నెత్తిన సబ్బు డబ్బాలు పెట్టుకోవడానికి పనికొస్తోంది. తిరిగే మిషను గదుల దుప్పట్లకు, వాటికి చివర నీలం పెట్టడం మాత్రం ఆమె చేత్తోనే. హాలు దుప్పట్లకు నీలిమందు చేతులు. పైన ప్రసూతి విభాగంలో డబ్బు కట్టి చేరేవాళ్ళకు గదులు, కట్టలేని వాళ్ళకు హాలు. నడుమ ఒక గాజు తలుపు. అందరూ వాటిని అలాగే పిలుస్తారు: గదులు, హాలు.

"ఏం వదినా, ఇవాళ నీ మొహానికి దుప్పటి ఆనిస్తే చాలు, కరెంటు లేకుండానే ఇస్త్రీ అయిపోయేట్టుంది. అంత వెలిగిపోతోందేం?" అన్నాడు ఇస్త్రీ ఆయన, పెట్టె మీద నీళ్ళు చిలకరించి చుయ్యిమనిపిస్తూ.

"నాన్నమ్మనయ్యాను మరిదీ. పొద్దుట అయిదింటికి."

"ఆడపిల్లటగా?"

"ఆడపిల్లే. నిన్ననే చెప్పాను నేను."

"నిన్న మగపిల్లాడన్నావు."

"ఆవిరికి నీ చెవులు ఉడికిపోయాయిలే. నేనన్నది ఆడపిల్లనే."

"సరే సరే. నాన్నమ్మ రంగు వచ్చిందా మరి? వేళ్ళు చూశావా, నీలంగా ఉన్నాయా?"

నీలిమందు తొట్టిలోంచి గుప్పెడు నీళ్ళు తీసి ఆయన మీదకు విసిరింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు. నీళ్ళు గోడ మీదున్న పటానికి తగిలి, గాజు మీంచి జారాయి. ఆ పటం సంగతి తరవాత చెప్పుకుందాం.

ఆమె మొహం వెలుగుతున్న మాట నిజమే. కొడుకు పెళ్ళయి నాలుగేళ్ళయింది. కోడలు కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో ఒత్తులు దించే పని చేసేది. ఎప్పుడు చూసినా మైనం వాసన వేసేది. మైనం పట్టీ పట్టీ అరచేతులు పసిపిల్లవాటిలా నునుపుదేలి ఉండేవి. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు. అత్తాకోడళ్ళిద్దరూ ఇంట్లో ఉంటే, బస్సు డిపోలో టైర్లు మార్చి అలిసి వచ్చిన కొడుకు, "మీ ఇద్దరికంటే డిపోయే నయం, అక్కడ బస్సులు ఆగినప్పుడన్నా చప్పుడు ఆగుతుంది" అనేవాడు.

మొన్న సాయంత్రం హాల్లో చేర్చినప్పుడు కోడలు మంచం మీద కూర్చుని, కింద పరిచిన మెరూన్ రంగు దుప్పటిని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

"అత్తా, ఇంత పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లన్నీ నీ చేతుల మీదుగానే పోతాయి కదా. నాకో తెల్లది తెచ్చి పెట్టవూ? గదుల్లో అమ్మగారిలా ఒక్కరోజు పడుకుని లేస్తాను."

"తెల్లది పరిస్తే నీ మరకలన్నీ వచ్చేపోయే వాళ్ళు చూస్తారే పిల్లా. సిగ్గులేదూ? ఇదైతే ఏమీ కనబడదు. మేలు రంగు."

"మేలు రంగట! నువ్వు చెప్పి వేయించిన రంగు కాబట్టి నీకు మేలే."

"నోర్ముయ్. నీకు ఎవరికీ ఇవ్వనివి ఇస్తాలే."

ఇచ్చింది కూడా. ఇవాళ పొద్దున్న ఆరున్నరకు, పనిలో దిగేముందు, బీరువాలోంచి ఇంకా ఒక్క ఉతుకూ పడని కొత్త మెరూన్ దుప్పట్లు రెండు తీసి, నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళింది. హాల్లో ముప్ఫై మంచాలు. మంచానికి ఇద్దరు బాలింతలు, ఒకరి తల అటు, ఇంకొకరి తల ఇటు. అందరికీ కలిపి ఒక సిస్టరు. ఆవిడ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడవడం నీలిమందు ఎన్నడూ చూడలేదు. పరుగే. గాజు తలుపు అవతల గదికి ఒక మనిషి. తల దగ్గర గంట. నొక్కితే మనిషి వస్తుంది.

కోడలు పాలిపోయి ఉంది. పిల్ల పక్కన పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

"అత్తా, చలేస్తోంది" అంది కోడలు.

"కాన్పయ్యాక చలి వెయ్యక ఉడకపోస్తుందేంటే! నీ మొగుడు పుట్టినప్పుడు నాకు దవడలు కొట్టుకున్నాయి. లే, కొంచెం నడుమెత్తు."

కోడలి కింద ఆ నాలుగు మడతల కొత్త దుప్పటిని మెత్తగా సర్దింది. రెండోది మీద కప్పింది. హాల్లో ఎవరికీ లేని వైభోగం. ఎదురు తల పెట్టుకుని పడుకున్న బాలింత అసూయగా చూసింది కూడా. కోడలు నీళ్ళడిగితే గ్లాసుడు తాగించింది. మళ్ళీ అడిగితే ఇంకో గ్లాసు.

"ఓసి నీ దాహం మండిపోనూ, బిడ్డకు పాలు నీళ్ళవుతాయే" అని నవ్వి, నీలం వేలితో పిల్ల బుగ్గ మీద చుక్క పెట్టినట్టు తాకి, పనికి దిగింది.

ఇప్పుడు ఆ పటం సంగతి.

పదకొండేళ్ళ కిందట ఆసుపత్రి సూపరింటెండెంటు బట్టల గదిలోకి వచ్చాడు. అంతకుముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "మీకేమన్నా ఇబ్బందులుంటే చెప్పండి" అన్నాడు. అలా అడిగిన వాళ్ళకు ఇబ్బందులు చెప్పకూడదని అందరికీ తెలుసు. అందరూ కాళ్ళ వంక చూసుకున్నారు. నీలిమందు ఒక్కతే నోరు తెరిచింది.

"అయ్యా, హాలుకి తెల్లవి వద్దయ్యా. మూడు రోజులకోసారి గానీ మారవు. ఆ మరకలు ఉడకబెట్టినా పోవు. పడుకున్న తల్లులకి సిగ్గు, చూసేవాళ్ళకి రోత. ముదురు రంగువి ఇప్పిస్తే మరక కనబడదు, సబ్బూ సగం మిగుల్తుంది."

సూపరింటెండెంటు చేతిరుమాలు ముక్కు మీంచి తీశాడు. నెల తిరక్కుండా హాలుకు మెరూన్ దుప్పట్లు వచ్చాయి. గదుల వాళ్ళు మాత్రం తెల్లవే ఉండాలన్నారు. ఉన్నాయి. ఏడాది చివర సభ పెట్టి నీలిమందును వేదిక ఎక్కించి, ఆమె సలహా వల్ల ఆసుపత్రికి ఎంత మేలు జరిగిందో అచ్చు వేయించిన కాగితాన్ని పటం కట్టి ఇచ్చారు. ఆమె దాన్ని బాయిలరు పక్క గోడకు తగిలించింది. పదకొండేళ్ళ ఆవిరికి అక్షరాలన్నీ కరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. సీలు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో సగం మందికి ఆమె గొప్ప అప్పటికీ అదే: రంగు దుప్పట్లు వేయించిన మనిషి.

పదిన్నరకు ఆయా మెట్లు దిగి వచ్చింది. ఆవిడ చేతిలో ఒకే ఒక్క తెల్ల దుప్పటి. ఊపిరందకుండా నవ్వుతోంది.

"చూడు నీలిమందక్కా, చూడు. దీనికోసం అక్కడ యుద్ధం జరిగింది."

నీలిమందు దుప్పటి విప్పి చూసింది. నడుమ అరచేతంత ఎర్రటి మరక. ఇంకేం లేదు.

"ఇదేనా?"

"అదే! మూడో గదిలో ఆవిడ, రాత్రి కాన్పయింది. సిస్టరు పక్క సర్దడానికి వెళ్ళి ఇది చూసింది. అంతే. గంటలు మోగాయి, ఇద్దరు డాక్టర్లు పరుగు, మత్తు డాక్టరు పరుగు, సూదులు, సీసాలు... నన్ను ఆ మూల నిలబడవే అని ఒకరు, ఈ మూల నిలబడవే అని ఒకరు. ఆగిపోయిందిలే. ఇప్పుడు దిండు ఆనుకుని ఫోన్లో మాట్లాడుతోంది."

"ఇంత మరకకా!" అని నీలిమందు నవ్వింది. "ఇంత మరక నా ముక్కు కారినా పడుతుంది."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి వచ్చి దుప్పటిని చూశాడు. "అదృష్టం వదినా. తెల్లదాని మీద పడింది కాబట్టి కనబడింది. మీ హాల్లో వాళ్ళయితే ఎంత పరువుగా పోతారు! ఎవరికీ తెలీదు" అని తన జోకుకు తనే నవ్వాడు.

ఆయా నవ్వుతూనే మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఇస్త్రీ ఆయన తన బల్ల దగ్గరికి పోయాడు. నీలిమందు తెల్ల దుప్పటిని చన్నీళ్ళ తొట్టిలో వేసింది. రక్తానికి చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే మరక గుడ్డలో ఉడికి ఉండిపోతుంది. మరక నీళ్ళలో విచ్చుకుని గులాబీ రంగు పొగలా పాకింది. ఎంత నీళ్ళలో ఎంత రంగు తిరిగిందో చూసి, అలవాటు కొద్దీ లెక్కేసింది. చిన్న టీ గ్లాసుడు. అంతకంటే లేదు.

టీ గ్లాసుడికి ఇద్దరు డాక్టర్లు.

పక్క తొట్టిలో నిన్నటి హాలు దుప్పట్లు నానుతున్నాయి. మెరూన్ రంగువి, బరువుగా, మునిగి ఉన్నాయి. చూస్తే శుభ్రంగా ఉన్నట్టే ఉన్నాయి. నీళ్ళు మాత్రం చిక్కగా ఉన్నాయి. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న నీళ్ళే. రంగు వదులుతోందనుకునేది. పదకొండేళ్ళు ఏ గుడ్డయినా రంగు వదులుతూనే ఉంటుందా?

అత్తా, చలేస్తోంది.

రెండు గ్లాసుల నీళ్ళు.

నాలుగు మడతల కొత్త దుప్పటి.

"మరిదీ, మిషను చూసుకో" అంది. ఆ గొంతు విని ఇస్త్రీ ఆయన తలెత్తేసరికి మెట్ల మీద తడి పాదాల గుర్తులే ఉన్నాయి.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. రోజూ ఆ మెట్లు ఒక్కొక్కటే, గోడ పట్టుకుని, ప్రతి మెట్టుకూ ఒక తిట్టు చొప్పున తిట్టుకుంటూ ఎక్కేది. ఇవాళ ఒక్క తిట్టూ లేదు. రబ్బరు ఆప్రాన్ కాళ్ళకు అడ్డం పడుతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని హాల్లోకి వచ్చింది.

హాల్లో ఎప్పటి గోలే. పిల్లల ఏడుపులు, ఎవరిదో మూలుగు, ఎవరో సిస్టరును పిలవడం. కోడలి మంచం ఒక్కటే నిశ్శబ్దంగా ఉంది, దాన్ని పంచుకున్న బాలింత ఇంటికి పోయింది. పిల్లను ఎదురు మంచం తల్లి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"పాపం, మీ కోడలు చాలా నెమ్మదైన పిల్లండీ" అందావిడ. "పొద్దుట్నించీ ఒక్క మాట లేదు. పడుకునే ఉంది."

నెమ్మదైన పిల్ల! ఆ నోరు నిద్రలో కూడా ఊరుకోదని ఆవిడకేం తెలుసు?

కోడలి పెదాలు కాగితంలా ఉన్నాయి. నుదుటి మీద చెమట. ముట్టుకుంటే చన్నీళ్ళ తొట్టిలా ఉంది.

"సిస్టరమ్మా! ఒక్కసారి రండి, మా కోడల్ని చూడండి."

సిస్టరు అవతలి వరసలో ఒకామె చేతికి సూది గుచ్చుతోంది. తల తిప్పకుండానే, "ఎనిమిదింటికి చూశాను నీలిమందూ. పక్క శుభ్రంగానే ఉంది. అలిసిపోయి పడుకుంది, పడుకోనీ. ఇక్కడ ఒకావిడకి ఫిట్స్ వస్తున్నాయి" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పక్క శుభ్రంగానే కనబడుతోంది. ముదురుగా, మడత నలగకుండా, కొత్తగా.

నీలిమందు కోడలి నడుం కింద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి పాతికేళ్ళుగా తడి గుడ్డలు ఎత్తుతోంది. దానికి అబద్ధం చెప్పడం ఏ గుడ్డకూ చేతకాదు. నాలుగు మడతలూ తాగి, కింది రబ్బరు షీటు మీద మడుగు కట్టి, ఇంకా తాగలేక నిలిచిపోయిన బరువు. చెంబు కాదు. చెంబున్నర కాదు. ఆమె లెక్క అంతకంటే పైకి పోయి, అక్కడ ఆగిపోయింది.

మళ్ళీ పిలవలేదు. వంగి, ఆ దుప్పటిని రెండు చేతులతో లాగి తీసింది. గోడ పక్కన నేల తుడిచే బకెట్టు నిండుగా ఉంది. దుప్పటి మూలను అందులో ముంచింది. ఒక్కసారి ముంచి ఎత్తింది. బకెట్టును కాలితో నెట్టుకుంటూ వరసల మధ్య నుంచి తెచ్చి సిస్టరు కాళ్ళ దగ్గర పెట్టింది.

సిస్టరు కిందికి చూసింది. చేతిలో సూది అలాగే ఆగింది.

ఆ తరవాత పరుగులకు లోటు లేదు. ట్రాలీ వచ్చింది. కాళ్ళ వైపు మంచం ఎత్తు పెట్టారు. సిస్టరు కోడలి పొత్తికడుపు రెండు చేతులా నొక్కుతూ, "డాక్టర్ని పిలవండి, ఎవరైనా డాక్టర్ని పిలవండే!" అని అరిచింది. హాలు డాక్టరు ఆపరేషన్లో ఉంది. గదుల డాక్టరు గాజు తలుపు తీసుకుని వచ్చాడు. వచ్చాడు, కాదనకూడదు. పదకొండున్నరకు వచ్చి చూసి, రక్తం కావాలన్నాడు. గదుల వాళ్ళకు చేరిన రోజే రక్తం తెప్పించి ఫ్రిజ్‌లో ఉంచుతారు. హాలు వాళ్ళకు అవసరం పడ్డాక మనిషి పోయి తెచ్చుకోవాలి. బ్లడ్ బ్యాంకు ఊరికి ఆ చివర.

"ఆ ఫ్రిజ్‌లోది ఒక్కటి ఇప్పించండయ్యా" అంది నీలిమందు.

"అది వాళ్ళ పేరు మీద ఉందమ్మా. గ్రూపు కూడా కలవాలి" అన్నాడు డాక్టరు, ఆమె కళ్ళలోకి చూడకుండా. పాపం, మంచివాడే. ఆమె ఉతికిన తెల్లకోటే తొడుక్కుని ఉన్నాడు.

కొడుకు గేటు దగ్గర, మిఠాయి పొట్లం పట్టుకుని, వార్డులోకి మగవాళ్ళను ఎప్పుడు వదులుతారా అని నిలబడి ఉన్నాడు. డాక్టరు రాసిన రక్తం చీటీ చేతిలో పెడితే మొహం తెల్లబోయి చూశాడు. తల్లి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. అతను పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు నీలంగా తప్ప ఇంకో రంగులో చూడలేదు.

"అమ్మా, ఏమైందే?"

"పరిగెత్తరా నాయనా. ముందు పరిగెత్తు."

పొట్లం ఆమె చేతిలో పెట్టి పరిగెత్తాడు.

నీలిమందు ట్రాలీ పక్కన కూర్చుంది. దాన్ని గాజు తలుపుకు ఇవతల, నడవాలోనే ఉంచారు, ఆపరేషన్ గది ఖాళీ అయితే తీసుకుపోవచ్చని. సిస్టరు వచ్చి నొక్కుతోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. రెండు సీసాల సెలైను ఎక్కుతోంది. కోడలి అరచెయ్యి, ఆ నునుపుదేలిన అరచెయ్యి, నీలిమందు చేతిలో మైనంలా చల్లగా ఉంది.

పన్నెండు దాటాక కోడలు కళ్ళు తెరిచింది.

"అత్తా."

"ఉన్నానే. ఇదిగో. వాడు రక్తం తేవడానికి పోయాడు. వచ్చేస్తాడు."

"పిల్ల వేళ్ళు చూశావా?"

"ఆఁ."

"తెల్లగానే ఉన్నాయి. నీ పోలిక రాలేదు." నవ్వబోయింది. పై పెదవి కొంచెం కదిలింది.

"మాట్లాడకే తల్లీ. నోరు... వద్దులే, మాట్లాడు. మాట్లాడుతూ ఉండు."

మాట్లాడుతూ ఉండమని ఆ కోడలికి ఆ అత్త చెప్పడం అదే మొదలు. కానీ కోడలు మాట్లాడలేదు. గాజు తలుపు అవతల ఎవరో గంట నొక్కారు. ఎవరో వెళ్ళారు. చాలాసేపటి తరవాత, కళ్ళు మూసుకునే, పక్కింట్లో వాళ్ళకు చెబుతున్నంత తేలిగ్గా అంది:

"చలి తగ్గిందత్తా."

"తగ్గిందా? హమ్మయ్య" అంది నీలిమందు. నిజంగానే హమ్మయ్య అనుకుంది. చెయ్యి వదల్లేదు. సిస్టరు వచ్చి, నొక్కడానికి వంగి, నొక్కకుండా ఆగి, మణికట్టు పట్టుకుని, మెడ దగ్గర పట్టుకుని, తరవాత నీలిమందు భుజం పట్టుకునేదాకా వదల్లేదు.

ఒంటిగంటన్నరకు కొడుకు నీళ్ళు కారుతున్న ఐసు పెట్టెతో నడవాలోకి వచ్చాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పెట్టెను కింద పెట్టడం తెలీక చాలాసేపు గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

కాగితాలు కావాలన్నారు. ఒక సంతకం పెట్టాల్సిన ఆయన భోజనానికి వెళ్ళాడు, ఇంకో సంతకం పెట్టాల్సిన ఆయన మీటింగులో ఉన్నాడు. సాయంత్రం నాలుగవుతుందన్నారు. ఎదురు మంచం తల్లి పిల్లకు తన పాలు పట్టింది. కొడుకు నడవాలో గోడకు జారి కూర్చున్నాడు. నీలిమందు వాడి తల మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, లేచి కిందికి దిగింది. ఈసారి మెట్లు గోడ పట్టుకునే దిగింది.

హాలు మూట అప్పటికే వచ్చి ఉంది. ముడి విప్పక్కర్లేకుండానే తెలిసింది అందులో ఏముందో. ఇస్త్రీ ఆయన లేచి నిలబడ్డాడు. గోడ మీద పటం వంక చూశాడు, ఆమె వంక చూశాడు, పెట్టె వేడి చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

నీలిమందు ఖాళీ తొట్టి నింపింది. చెడిపోయిన మిషను మీదున్న బ్లీచింగ్ పౌడరు డబ్బా దించింది. నెలకు సరిపడా వచ్చిన డబ్బా అది. తెల్ల దుప్పట్లకు చెంచాతో కొలిచి వేస్తారు. మూత తీసి, మొత్తం బోర్లించింది. కళ్ళు మండిపోయే ఘాటు గది నిండా లేచింది. మూటలోవి, బల్ల మీదవి, బీరువాలోవి, చేతికందిన మెరూన్ దుప్పట్లన్నీ ఒక్కొక్కటే తొట్టిలో తొక్కింది.

"వదినా... దుప్పట్లు చిరుగు పడతాయి. అడుగుతారు."

"అడగనీ."

"రంగు మొత్తం పోతుంది."

"పోవాలి."

ఇస్త్రీ ఆయన పెట్టె ఆపేశాడు. దగ్గుతూ వచ్చి, కర్ర అందుకుని, తొట్టికి రెండో వైపున నిలబడి కలపడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. వదిలేసి మళ్ళీ నింపారు. గులాబీ రంగయింది. మళ్ళీ నింపారు. పదకొండేళ్ళ మెరూన్ తూము గుండా గడగడమని పోతూనే ఉంది.

మూడున్నరకు ఆమె ఒక దుప్పటిని తొట్టిలోంచి లాగి, ఎప్పటిలా అరచేత్తో ఎత్తి బరువు చూడబోయి, చూడకుండా పిండి, పెరట్లోకి తీసుకుపోయి తీగ మీద ఆరేసింది. రెండు కొసలూ పట్టి ఒకసారి విదిలించింది. లోపలికి వచ్చి, ఇస్త్రీ బల్ల మీద గదుల కోసం మడత పెట్టి ఉంచిన తెల్ల దుప్పట్లలో పైది తీసింది. ఇంకా వెచ్చగా ఉంది. ఎవరు చూస్తారోనని దాచలేదు. అందరూ చూస్తుండగానే రెండు చేతుల మీదా పరుచుకుని పైకి పట్టుకుపోయింది.

నాలుగూ పదికి వాళ్ళు గేటు దాటారు. వ్యాను వెనక కొడుకు, తెల్ల దుప్పటి కింద కోడలు, ముందు సీట్లో ఒళ్ళో పిల్లతో నీలిమందు. గేటు వాచ్‌మన్ పొద్దున్నే ఆమెను మిఠాయి అడిగినవాడు. లేచి నిలబడి టోపీ తీశాడు. ఆమె తల తిప్పలేదు. ఆ బట్టల గదిలోకి ఆమె మళ్ళీ రాలేదు. పటం పట్టుకుపొమ్మని కబురు పంపినా రాలేదు.

వెనక పెరట్లో ఎండ ఇంకా ఉంది. ఇస్త్రీ ఆయన మిగతా దుప్పట్లన్నీ తెచ్చి వరసగా ఆరేశాడు. ఒక్కటీ తెల్లగా రాలేదు, ఒక్కటీ మెరూన్‌గా మిగల్లేదు. కడిగిన చెక్కలా, ఏ రంగూ కాని రంగులో గాలికి బరువుగా ఊగుతున్నాయి. మొట్టమొదటి తీగ మీద, ఆమె తన చేతులతో ఆరేసిన దాని కొసల్లో రెండు నీలం బొటనవేళ్ళ ముద్రలు, నడుమ నాలుగు మడతల్లోనూ ఒకే చోట పడ్డ తుప్పురంగు మరకలు నాలుగు, వీధిలోంచి చూసినా కనబడేంత స్పష్టంగా ఉన్నాయి.